దరీల ఫోటోలకు రెండు సాఫ్ట్‌బాక్సులు, ఒక లైట్ బాక్స్: ఏది పనికొచ్చింది, ఏది మూలన పడింది

ముందే చెప్పేస్తా. దరీలు, షత్రంజీలు (నేల మీద పరిచే జంపఖానాలు) అమ్మేవాళ్లు సాఫ్ట్‌బాక్సుల జత కొనుక్కోవచ్చు. సాఫ్ట్‌బాక్స్ అంటే స్టాండ్ మీద బల్బు, దాని ముందర వెలుగును మెత్తబరిచే తెల్ల గుడ్డ. దాంతో వచ్చే బల్బులు మాత్రం వాడకండి. లైట్ బాక్స్, అంటే చిన్న వస్తువును లోపల పెట్టి తీసే లైట్ల డబ్బా, అందరికీ అవసరం లేదు. వరంగల్ కొత్తవాడలో మా ఇంటి ముందరి గదిలోనే ఈ సామానంతా పెట్టుకుని కొన్నేళ్లుగా వాడుతున్నా. ఫోటోలన్నీ ఫోన్‌తోనే తీస్తా. పెద్ద కెమెరా కొనాలని ఇప్పటికీ అనిపించలేదు. కొనేవాళ్లు చూసేదీ ఫోన్‌లోనే కదా.

మాకు వచ్చే మొదటి ప్రశ్న ధర గురించి ఉండదు. "అన్నా, ఫోటోల ఉన్న రంగే వస్తదా?" అని అడుగుతారు. అందుకే ఈ సామానుకు నేను పెట్టే పరీక్ష కూడా రంగే. కిట్‌తో వచ్చిన బల్బులు అందులో తప్పాయి. మంచి ఎరుపు దరీ ఫోటోలో ఇటుక రంగుకు దిగిపోయేది. బాపు ఫోన్ చూసి "ఇది మన అద్దకం కాదు బిడ్డా" అని తిరిగి నా చేతిలో పెట్టాడు. చవక ఎల్‌ఈడీల వెలుగులో ముదురు ఎరుపు భాగం తక్కువగా ఉంటుంది. కంటికి తెల్లగానే కనిపిస్తుంది కానీ బట్ట మీద ఎరుపు చచ్చిపోతుంది. కొన్ని బల్బుల డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది, గరిష్ఠం 100. దాదాపు 95 ఉన్న బల్బులు వేశాక ఆ ఇబ్బంది పోయింది. వాటి ఖరీదు కిట్ ఖరీదుకు దగ్గరగా వచ్చింది, అయినా ఈ మొత్తం ఖర్చులో నాకు బాగా గిట్టింది అదే. రంగు వేరేగా ఉందంటూ వాపసు వచ్చే దరీలు బాగా తగ్గాయి.

మంచి బల్బు ఒక్కటే చాలదు. వెలుగు పసుపా నీలమా అన్నది కెల్విన్‌లలో కొలుస్తారు: పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, ఇంట్లో తెల్ల ట్యూబ్‌లైట్ 6500, పసుపు బల్బు 2700. ఇవి కలిసిపోతే దరీ ఒక అంచు నీలంగా, ఇంకో అంచు పసుపుగా వస్తుంది, ఫోన్ దేన్ని నమ్మాలో తేల్చుకోలేదు. కాబట్టి సాఫ్ట్‌బాక్స్ వేస్తే ట్యూబ్ ఆపేసి, కిటికీ పరదా మూసేస్తా. ఫోన్ కెమెరా ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను (ఏది తెలుపో ఫోన్‌కు చెప్పే సెట్టింగ్) ఒకచోట లాక్ చేస్తా. ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తే ఫోన్ పాడైందని టెన్షన్ పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అదే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 సెకను గానీ పెడితే ఆ చారలు పోతాయి.

కిట్ డబ్బా మీద బొమ్మలో రెండు లైట్లు చెరో పక్క, ఎదురుగా 45 డిగ్రీల్లో పెట్టమని ఉంది. కాగితాలు ఫోటో తీయడానికైతే బాగుంటుంది. దరీని అలా తీస్తే నేత కనిపించదు, ఫ్లెక్సీ మీద ప్రింట్ వేసినట్టు ఉంటుంది. నేను ఒక్క లైటే వాడతా. దాన్ని పక్కన, కిందికి దించి, వెలుగు బట్ట మీద జారేలా పెడితే పోగు పోగుకూ చిన్న నీడ పడుతుంది. రెండో వైపు తెల్ల థర్మకోల్ షీట్ నిలబెడితే సరిపోతుంది. అంటే జతలో రెండోది ఎక్కువ రోజులు ఖాళీగానే ఉంటుంది. ఒక్కటే అమ్మితే ఒక్కటే కొనేవాణ్ని.

ఆరడుగులు, తొమ్మిదడుగుల పెద్ద దరీకి ఈ లైటు చాలదు. దాన్ని పొద్దున నీడలో వాకిట్లో పరిచి మేడ మీది నుంచి తీస్తా. వైడ్ లెన్స్ వద్దు, 2ఎక్స్ జూమ్ వాడండి. వైడ్‌లో అంచులు వంగుతాయి, చూసేవాళ్లు ఆ వంకర మగ్గం మీదే వచ్చిందనుకుంటారు. నేసినవాళ్లకు అంతకన్నా అవమానం లేదు.

లైట్ బాక్స్ సంగతి. అప్పుడప్పుడు పెంబర్తి ఇత్తడి సామాను కూడా అమ్ముతాం, దానికోసం తీసుకున్నా. ఇత్తడి అద్దం లాంటిది. పైన ఉన్న ఎల్‌ఈడీ పట్టీలు చుక్కలు చుక్కలుగా దాని మీదే కనిపిస్తాయి. పట్టీల కింద ట్రేసింగ్ పేపర్ అతికించి, రెండు పక్కలా సన్నటి నల్ల చార్ట్ ముక్కలు పెట్టాకే వస్తువు ఆకారం తేలింది. అమెజాన్‌లో మొదటి ఫోటోకు స్వచ్ఛమైన తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, వస్తువు ఫ్రేములో కనీసం 85 శాతం నిండాలి. ఆ పనికి బాక్స్ బాగుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో అదే ఫోటో మందుల షాపు కేటలాగ్‌లా ఉంటుంది. మా బాక్స్ జిప్ పోయింది, లోపలి తెల్ల షీట్ మడతలు పడింది. అమ్మినవాళ్లకు మెసేజ్ పెడితే జవాబు రాలేదు.

బ్రాండ్ అనగానే ఇక్కడ అందరూ కాకతీయ తోరణం వెనకాల పెడతారు. బిర్యానీ సెంటర్ నుంచి కోచింగ్ సెంటర్ దాకా అదే తోరణం. మేము పెట్టం. ప్రతి ఫోటోలో అదే సున్నపు గోడ, అదే పాత చెక్క పీట, వెలుగు ఎడమ నుంచే. ఇప్పుడు పేరు చదవకముందే ఫోటో మాదని పాత కస్టమర్లు గుర్తుపడుతున్నారు. వరంగల్ దరీలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ మాట రాయడం కన్నా గుంట మగ్గం మీద పని జరుగుతున్న ఫోటో పెట్టినప్పుడే ఎక్కువ మంది అడుగుతున్నారు. ఆ ఫోటోలకు సాఫ్ట్‌బాక్స్ తీసుకెళ్లను, కిటికీ వెలుగు చాలు. నేసే పెద్దమనిషిని అడిగే తీస్తా, ముఖం వద్దంటే చేతులు మాత్రమే. తీసింది వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే నేత అంతా అలుక్కుపోతుంది.

స్టాండ్లు మరీ తేలిక. ఫ్యాన్ గాలికే ఊగుతాయి, కాళ్ల మీద ఇటుకలు పెట్టా. ముందరి తెల్ల గుడ్డ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అది కూడా రంగును మారుస్తుంది, విడిగా దొరికితే మార్చుకోండి. కొనేముందు హోల్డర్ చూడండి: మరచుట్టు ఉన్న ఈ27 హోల్డరైతే బల్బు మార్చుకోవచ్చు. ఎల్‌ఈడీ లోపలే బిగించి ఉన్న రకమైతే, రంగు తేడా వచ్చినా ఆ బల్బుతోనే కాపురం.