సలోన్ 2002: మా పెళ్లయిన ఏడాది ద్రాక్ష

మా పెళ్లి 2002 ఆగస్టులో రాజమండ్రిలో అయింది. మరుసటి నెలలో ఫ్రాన్స్‌లోని ల మెనీ సుర్ ఓజే అనే చిన్న ఊళ్లో ద్రాక్ష కోశారు. ఆ ద్రాక్షతో చేసిన సలోన్ అనే షాంపేన్‌ని మా ఇరవయ్యో పెళ్లిరోజున తెరిచాం.

ఉద్యోగాల కోసం వచ్చి మేం ఫ్రాన్స్‌లో, షాంపేన్ చేసే ప్రాంతంలోని రాన్స్ నగరంలో కాపురం పెట్టాం. ఆత్రేయపురం వాళ్లకు పూతరేకులు ఎలాగో ఈ ఊరివాళ్లకు షాంపేన్ అలాగ. ఏది మంచిదని అడిగితే ఇంటికో మాట చెబుతారు. కానీ సలోన్ పేరెత్తితే మాత్రం ఎవరైనా ఒక్క క్షణం ఆగి, "తాగారా?" అని అడుగుతారు. అలా అడిగించుకునీ అడిగించుకునీ 2015లో ఒక సీసా కొన్నాం. 340 యూరోలు. ఆ ఏడాది మా ఇంట్లో కొత్త సోఫా రాలేదు.

ముందు వెళ్లిన కొట్లో ఆ సీసాని అద్దాల బీరువాలో, లైటు కింద నిలబెట్టి ఉంచారు. తాకితే గోరువెచ్చగా ఉంది. వద్దనుకుని వచ్చేశాం. ఇలాంటి వైన్‌కి వెలుతురూ వేడీ రెండూ పడవు. ఎంత పేరున్న సీసా అయినా అలా ఉంచితే కొనకండి. ఇంకో కొట్టాయన నేలమాళిగలోకి వెళ్లి, పడుకోబెట్టి ఉంచిన సీసా తెచ్చిచ్చాడు. అది ఏడేళ్లు మా అపార్ట్‌మెంట్ కింద కేవ్‌లో, అంటే మా నేలమాళిగ గదిలో ఉంది.

మామూలుగా షాంపేన్‌లో రెండు మూడు రకాల ద్రాక్ష, చాలా ఊళ్ల పంట, వేర్వేరు ఏళ్ల వైన్ కలుపుతారు. ఫర్ (జంతువుల బొచ్చుతోళ్ల) వ్యాపారం చేసే యూజీన్ ఎమే సలోన్‌కి ఆ కలపడం నచ్చలేదు. ఒకే ద్రాక్ష, షార్డొనే. ఒకే ఊరు, ల మెనీ. ఒకే ఏడాది పంట. 1905లో తనకీ స్నేహితులకీ అని మొదలుపెట్టాడు. అమ్మకానికి వచ్చిన మొదటి పంట 1921ది. ఏడాది బాగుంటేనే చేస్తారు, లేకపోతే లేదు. ఇరవయ్యో శతాబ్దం మొత్తంలో చేసింది 37 సార్లే. 2001లో చేయలేదు, ఎండలకు యూరప్ ఉడికిపోయిన 2003లోనూ చేయలేదు. చేయని ఏళ్లలో ఆ ద్రాక్ష వాళ్ల అక్కచెల్లెలు లాంటి దెలమోత్ సంస్థకు వెళుతుంది. చేసినా, పదేళ్ల దాకా సీసాల్లో, పులిశాక అడుగున మిగిలే ఈస్టు మడ్డి మీద పడుకోబెట్టి గానీ బయటికి తీయరు.

ఇక ఆ రోజు సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసి సన్నటి పొడుగు గ్లాసుల్లో పోశాను. నిమ్మపులుపు, చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. మా ఆయన నా మొహం చూసి, "కాసేపు ఆగుదాం, ఇరవయ్యేళ్లు ఆగింది కదా" అన్నారు. మిగిలిన సీసా బల్ల మీదే ఉంచి, వెడల్పు బొజ్జ ఉన్న వైన్ గ్లాసులు తెచ్చాను.

ముప్పావుగంట తర్వాత పోసినదానికీ మొదటి గ్లాసుకీ పోలికే లేదు. వాసన ముందు మారింది: నేతిలో ఎర్రగా వేగిన జీడిపప్పు, నిమ్మతొక్క, కాల్చిన రొట్టె. బుడగలు ఆవగింజ కంటే చిన్నవి, నాలుక మీద గుచ్చుకోవు. మింగిన తర్వాత ఇంకో రుచి వచ్చింది, ఎక్కడిదో వెంటనే తెలియలేదు. రెండో గుక్కకి గుర్తొచ్చింది. బలపం! చిన్నప్పుడు పలక మీద రాస్తూ రాస్తూ తడి బలపం నాకేవాళ్లం చూడండి, అచ్చం ఆ రుచి. ఎపెర్నే అనే ఊరి మీదుగా ల మెనీ వెళ్లినప్పుడు చూశాను, తోటల్లో గట్టు తెగిన చోటల్లా తెల్లటి సుద్దే. వేళ్లు ఆ సుద్దలోకే దిగుతాయి. మట్టికీ గ్లాసులో రుచికీ అంత నేరుగా లంకె ఉందో లేదో పండితులు తేల్చుకోవాలి, నా నాలుకకి మాత్రం తెలిసింది.

పులుపు గట్టిదే. అయితే ఉసిరికాయ తిన్నాక మంచినీళ్లు తాగితే వచ్చే తీపి లాంటిది చివర్లో మిగులుతుంది, చాలాసేపు ఉంటుంది.

పక్కన రొయ్యల వేపుడు పెట్టకండి, కారానికి ఇది నిలవదు. మేం బాగా పండిన కోంతే చీజ్, ఉప్పు చల్లిన వేయించిన జీడిపప్పు పెట్టుకున్నాం. చాలు.

ఇంత డబ్బుకి తగినదేనా అంటే, జీవితంలో ఒకసారి, ఏదైనా తేదీ కోసం అయితే తగినదే. ఊరికే పండగపూట చుట్టాలందరికీ పోయడానికైతే దెలమోత్ బ్లాన్ ద బ్లాన్ (తెల్ల ద్రాక్షతోనే చేసే షాంపేన్) తీసుకోండి, చాలా తక్కువ ధరకి అదే కుటుంబం రుచి వస్తుంది. 2002 సలోన్‌కి ఇప్పుడు మేం పెట్టినదానికి రెండింతలకు పైనే అడుగుతున్నారు. 2008 కావాలనుకునేవాళ్లకి ఇంకా కష్టం, దాన్ని ఎనిమిది వేల మాగ్నమ్ (మామూలుకి రెండింతలు పట్టే) సీసాల్లో మాత్రమే నింపారు.

మా అమ్మాయి 2004లో పుట్టింది. అదృష్టం, ఆ ఏడాదీ సలోన్ చేశారు. ఆ సీసా కేవ్‌లో ఉంది. తన చదువు పూర్తయ్యే రోజున ఫ్రిజ్‌లో పెట్టను. కేవ్‌లోంచి నేరుగా పైకి తెచ్చి, గంట ముందే మూత తీసి, వెడల్పు గ్లాసుల్లో పోస్తాను.