కిట్టు కనోనా, సొంత చెక్కతోనా?

నల్లగొండలో ఇంట్లో కూర్చుని చెక్క కనో (తెడ్డుతో నడిపే సన్నని పడవ) చిన్న నమూనా కట్టాలంటే, భాగాలు సిద్ధంగా వచ్చే కిట్టు కొనడం ఒక దారి, మొదటినుంచీ సొంతంగా చెక్కుకోవడం మరొకటి. కిట్టులో పడవ ఆకారాన్ని నిలిపే అడ్డుచట్రాలు లేజరుతో కోసి వస్తాయి కనుక ఆకారం అంత సులువుగా చెడదు.

సొంత తయారీలో అసలు శ్రమ పడవ ఒంటిని కప్పే సన్నని చెక్క పట్టీలది. 1:12 కొలతలో 16 అడుగుల పడవ 16 అంగుళాలకు, 6 మిల్లీమీటర్ల మందం పట్టీ అర మిల్లీమీటరుకు దిగుతుంది. టింబర్ డిపోలో తెచ్చిన టేకు ముక్కను అంత పలుచగా చీల్చి, వేడినీళ్లలో నానబెట్టి, కొన దగ్గర వంచబోతే నా మొదటి మూడు పట్టీలు పుటుక్కున విరిగాయి. వాటిలో చెక్క రేఖలు పట్టీ పొడవునా కాక వాలుగా పోయాయి, అందుకే విరిగాయి.

అందుకే తొలి పడవకు కిట్టే మేలని నా అభిప్రాయం. కృష్ణలో జాలర్లు నడిపే పుట్టిని కట్టాలనుకుంటే మాత్రం నేను కిట్టు ఎక్కడా చూడలేదు; వెదురు బద్దలు చీల్చి అల్లుకోవలసిందే.