వెనక సీటు నుంచి చూసిన 1,864 మలుపులు

ఉత్తర థాయ్‌లాండ్ కొండల్లో బైకుల మీద తిరిగొచ్చాం. ముందే చెప్పేస్తున్నా, అక్కడి పాయ్ అనే ఊళ్ళో రెండు రాత్రులు పెట్టుకోవద్దు. మేం పెట్టుకున్నాం. అందులో ఒకటి మిగుల్చుకుని ఉంటే మే సరియాంగ్‌లో ఇంకో రోజు ఉండేవాళ్ళం. ఈ మాట ఎత్తితే చాలు, "రూములు బుక్ చేసింది నువ్వే కదా" అంటాడు మా ఆయన. అదీ నిజమే.

మూడు జంటలం. మేం కావలి, మిగతా వాళ్ళు ఒంగోలు, కందుకూరు. మగవాళ్ళు ముగ్గురినీ కలిపింది రొయ్య. ఒంగోలు అన్నకి హేచరీ, కందుకూరు తమ్ముడికి చెరువులు, మా ఆయనకి మేత డీలర్‌షిప్. చలికాలంలో వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు భయానికి చాలామంది చెరువులు ఎండబెట్టేస్తారు కాబట్టి డిసెంబరులో వీళ్ళ ఫోన్లు కాస్త తక్కువ మోగుతాయి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్, ఉదయగిరి, పెంచలకోన, అన్నీ తిరిగేశాక ఈసారి పాస్‌పోర్టులకి పని చెబుదాం అన్నారు.

థాయ్‌లాండ్ ఎందుకంటే, అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. అడ్డరోడ్డు వచ్చిన ప్రతిసారీ ఎటు చూడాలి అని తడుముకోనక్కర్లేదు. ఉత్తరాన చియాంగ్ మాయ్‌లో బండ్లు అద్దెకు తీసుకుని పాయ్, మే హాంగ్ సాన్, మే సరియాంగ్ చుట్టి మళ్ళీ చియాంగ్ మాయ్ చేరే ఒక దారి ఉంది. సుమారు 600 కిలోమీటర్లు. అందులో 1,864 మలుపులు ఉన్నాయని అక్కడివాళ్ళే లెక్కగట్టి పెట్టారు, చుట్టి వచ్చినవాళ్ళకి మే హాంగ్ సాన్‌లో సర్టిఫికెట్ కూడా ఇస్తారు. మా నెల్లూరు జిల్లాలో హైవే ఎక్కితే మలుపు కోసం వెతుక్కోవాలి.

కాగితాల పని ఆర్టీవో ఆఫీసులో మొదలైంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి ఫీజు 1,000 రూపాయలు, ఏడాది చెల్లుతుంది. మన లైసెన్సులో మోటార్ సైకిల్ ఉంటేనే అందులోనూ మోటార్ సైకిల్ గడిలో ముద్ర పడుతుంది. ముద్ర లేకుండా కారు పర్మిట్ పట్టుకుని బండెక్కితే పోలీసు జరిమానా చిన్నదే. అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర తగులుతుంది. మా ట్రావెల్ పాలసీలో సన్న అక్షరాల్లో చెల్లే లైసెన్సు, హెల్మెట్ రెండూ ఉంటేనే బైకు ప్రమాదానికి డబ్బులిస్తామని ఉంది. అది చదివింది నేనే, చదివి వినిపించిందీ నేనే. ఒంగోలు వదినకి గేరు బండి లైసెన్సు ఉంది, తనూ తీసుకుంది. నా లైసెన్సు కావలిలో స్కూటీ నడపడానికి పనికొచ్చేది. "వెనక కూర్చునేదానివి, నీకెందుకులే" అన్నారు, నేనూ సరేలే అనుకున్నా.

చెన్నై నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటలు, అక్కణ్ణుంచి చియాంగ్ మాయ్ ఇంకో గంటంబావు. మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, ముందే ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపుకుంటే చాలు.

బండ్ల దగ్గర సగం రోజు పోయింది. మొదటి షాపువాడు ఒరిజినల్ పాస్‌పోర్టు తన దగ్గర ఉంచమన్నాడు. అట్టాంటి చోట క్షణం కూడా నిలబడకండి. బండికి గీత పడ్డా, వాడు అడిగినంతా ఇచ్చేదాకా పాస్‌పోర్టు వాడి సొరుగులోనే ఉంటుంది. రెండో షాపులో జిరాక్సు, 5,000 బాత్ డిపాజిట్ సరిపోయింది. బాత్ అంటే మన మూడు రూపాయలకి కాస్త తక్కువ. మాకు, కందుకూరు వాళ్ళకి హోండా 500 సీసీలు రోజుకు 1,300 బాత్ చొప్పున తీసుకున్నాం. ఒంగోలు అన్న కూడా అదే బండి తీసుకుని వెనక సీటు నిండా అందరి బ్యాగులూ కట్టాడు. వదిన మాత్రం 160 సీసీ ఆటోమేటిక్ స్కూటర్. ఎక్కేముందు మా ఆయన ప్రతి బండి చుట్టూ తిరిగి, టైర్ల దగ్గర్నుంచి సైలెన్సర్ కింద దాకా వీడియో తీశాడు. చాదస్తం అనుకున్నా.

మొదటిరోజు 107 నంబరు రోడ్డు మీద పోయి, మే మలై దగ్గర ఎడమకి తిరిగితే 1095 రోడ్డు. పాయ్ దాకా 762 మలుపులని టీషర్టుల మీద కూడా అచ్చేసి అమ్ముతారు. నడిపేవాళ్ళకి అది పండగ. వెనక కూర్చున్నవాళ్ళ సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. బండి వంగేటప్పుడు మనం ఎదురు వంగకూడదు, అతని భుజం మీదుగా మలుపు లోపలి వైపు చూడాలి. ఘాట్‌లో మనిషిని పట్టుకోవడం కన్నా వెనకున్న ఇనప కడ్డీ పట్టుకోవడం మేలు, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా హెల్మెట్లు రెండూ ఢీకొంటాయి. గంటకోసారి దిగాల్సిందే. మొహమాటపడి రెండు గంటలు ఓర్చుకున్నానంటే ఆ రాత్రి నడుము నాది కాదు.

దిగడానికి చోట్లకి కరువు లేదు. ఆడవాళ్ళకి ఈ దేశంలో నేను వెయ్యే మొదటి మార్కు మరుగుదొడ్లకే. పీటీటీ అనే పెట్రోలు బంకుల్లో అవి మన ఇళ్ళలో కన్నా శుభ్రంగా ఉన్నాయి, అన్నిట్లోనూ నీళ్ళ గొట్టం ఉంది. కాగితంతో సర్దుకునే దేశాలకి వెళ్ళొచ్చిన ఒంగోలు వదిన "ఈ గొట్టం ఒక్కటి చాలు చెల్లెమ్మా, మళ్ళీ రావచ్చు" అంది. కొండ ఊళ్ళలో బంకులు దూరం, అక్కడ పెట్రోలు డ్రమ్ములోంచి చేత్తో తిప్పి పోస్తారు. సగం ట్యాంకు తగ్గితే నింపేసుకోవడమే.

ఇక పాయ్. ఊరు చిన్నది, సందడి పెద్దది. డిసెంబరు 5 అక్కడ జాతీయ సెలవు, వెనకటి రాజు భూమిబల్ పుట్టినరోజు. చలి చూడ్డానికి థాయ్ జనమంతా కొండలెక్కే రోజులవి. మామూలుగా 1,100 బాత్ ఉండే వెదురు గుడిసెకి 1,900 తీసుకున్నారు. ఏటి ఒడ్డున ఉంది, ఫొటోకి బాగుంది. అవతలి గట్టు మీద పాటలు రాత్రి రెండింటి దాకా, పక్క గుడిసెలో గురక తెల్లారేదాకా. వేణ్ణీళ్ళు ఇద్దరికి వస్తాయి, మూడో మనిషికి రావు. పొద్దున్నే పాయ్ కాన్యన్ అనే ఎర్రమట్టి గట్ల మీద నడిచాం, అది బాగుంది. సన్నటి కాలిబాట, రెండు పక్కలా లోయ, పట్టుకోను ఏమీ లేదు. రెండో రోజు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. కాఫీ షాపులు తిరిగాం.

పాయ్ దాటాక దారి అసలు రంగు చూపించింది. బండ్లు తగ్గాయి, అడవి దగ్గరికొచ్చింది. పాంగ్ మఫా దగ్గర థామ్ లోడ్ గుహ ఉంది. లోపల ఏరు పారుతుంటుంది. వెదురు తెప్ప మీద కూర్చోబెట్టి, కిరసనాయిలు లాంతరు పట్టుకున్న ఊరి ఆడమనిషి దారి చూపిస్తుంది. ఏట్లో చేపలకి వెయ్యమని పొట్లాల్లో మేత అమ్ముతారు. మిగతావాళ్ళు విసిరేస్తుంటే మా ఆయన గుళిక ఒకటి వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, నీళ్ళలో వేసి ఎంతసేపటికి విచ్చుకుంటుందో చూస్తూ కూర్చున్నాడు. "ఇది తేలే మేత, మనది మునిగేది" అని లాంతరు పట్టుకున్నావిడకి తెలుగులో చెప్పాడు. ఆమె నవ్వి ఇంకో పొట్లం అమ్మింది.

అన్నట్టు, మేత మాట వచ్చింది కాబట్టి. మా వైపు చెరువు గట్ల మీద సీపీ అనే పేరు తెలియని రైతు ఉండడు. అది థాయ్ కంపెనీ అనీ తెలుసు. కానీ థాయ్‌లాండ్‌లో వీధి వీధికీ ఉండే సెవెన్ ఎలెవెన్ షాపులు నడిపేది కూడా ఆ సంస్థే అని అక్కడికి పోతేగాని మాకు తెలియలేదు. అర్ధరాత్రి ఆకలేసి అందులో కొన్న రొయ్యల అన్నం డబ్బా మీద సీపీ ముద్ర చూసి ముగ్గురు మగవాళ్ళూ ఫొటోలు తీసుకుని ఊళ్ళో రైతులకి పంపించారు. గుళ్ళ దగ్గర కూడా అన్ని ఫొటోలు తియ్యలేదు.

గుహ చూసిన మధ్యాహ్నమే కందుకూరు తమ్ముడు బండి మీంచి పడ్డాడు. వేగం ఇరవై కూడా లేదు. మలుపు లోపలి వైపు కొండ రాలి సన్న కంకర పరుచుకుని ఉంది, ముందు చక్రం జారింది. వెనకున్న అమ్మాయికి ఏం కాలేదు, ఇతనికి మోకాలు చెక్కుకుపోయింది. కూరల బండిలో వస్తున్న ముసలాయన ఆగి, ఒక్క మాట అర్థం కాకపోయినా, బండి లేపి, తన వెనకే రమ్మని సైగ చేసి ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాడు. నర్సు ఓపిగ్గా ఇసుక రేణువులు ఒక్కొక్కటీ తీసి కట్టు కట్టింది. మన డబ్బులో రెండు వేల లోపే అయింది. ఆ ముసలాయనకి ఏదైనా ఇద్దామని బయటికొచ్చేసరికి లేడు.

మే హాంగ్ సాన్ నాకు బాగా నచ్చింది. ఊరి నడుమ చోంగ్ ఖామ్ చెరువు, దాని ఒడ్డున బర్మా తరహాలో రెండు జంట గుళ్ళు. చీకటి పడ్డాక దీపాలన్నీ నీళ్ళలో దిగుతాయి. చెరువు చుట్టూనే బజారు. మేం దిగిన చోటు గుడికి ఎదురుగా, 900 బాత్, పాత మంచం, మంచి పరుపు, ధారాళంగా వేణ్ణీళ్ళు. ఇంటావిడ తన స్కూటర్ బయట పెట్టుకుని మా బండ్లు నాలుగూ వరండాలోకి ఎక్కించింది. ఫొటోలు చూసి కాదు, బండ్లు ఎక్కడ పెట్టనిస్తారో అడిగి రూము తీసుకోవాలని అప్పుడు అర్థమైంది.

ఊరికి కొద్ది దూరంలో సూతోంగ్‌పే అని పొలాల మీదుగా గుడికి కట్టిన పొడవాటి వెదురు వంతెన ఉంది. మేం వెళ్ళేసరికి కోతలయిపోయాయి, కింద దుబ్బులే మిగిలాయి. పచ్చని ఫొటోలు చూసి వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. కోత కోసిన మడి వాసన తెలిసినవాళ్ళం, మాకు అదే బాగుంది. ఇంకా పైకి పోతే బర్మా సరిహద్దు దగ్గర బాన్ రక్ థాయ్, చైనా యునాన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊరు. టీ తోటలు, చెరువు, గజగజ వణికించే చలి. పొద్దున్నే పోయి రావడానికి సరే, రాత్రి బసకి అడిగిన ధర మాత్రం ఎక్కువ.

మే సరియాంగ్ గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. 108 రోడ్డు మీద 165 కిలోమీటర్లు, రోజంతా ఎదురుపడ్డ బండ్లు తక్కువ. యువామ్ ఏటి ఒడ్డున టేకు ఇల్లు, టిఫిన్‌తో కలిపి 800 బాత్. పొద్దున్నే బజారుకి పోతే ఒకావిడ నిప్పుల మీద పొడవాటి పచ్చిమిరపకాయలు కాలుస్తూంది. ఆ ఘాటుకి దగ్గొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. పొట్టు ఒలిచి, కాల్చిన చిన్నుల్లి, వెల్లుల్లితో కలిపి మట్టి రోట్లో దంచింది. నామ్ ప్రిక్ నుమ్ అంటారట. రోలు నా వైపు జరిపి రోకలి చేతికిచ్చింది. నేను మా అత్త దంచినట్టు గట్టిగా పోటు వేస్తుంటే వద్దు వద్దని చెయ్యి పట్టుకుని ఆపింది. పీచు పీచుగా ఉండాలి, మెత్తగా కాకూడదు. చింతపండు ఎక్కడా అని అడగాలని ఉంది, మాట రాదు. జిగురన్నం ముద్దతో అద్దుకు తింటే చింతపండు లేకపోయినా లోటు తెలియలేదు. వారం రోజులుగా తీపి కలిసిన కూరలు తిని డీలా పడిన ఆరుగురం అక్కడే ప్లాస్టిక్ కుర్చీల మీద కూలబడ్డాం. చేపల సాసు అన్నిట్లోనూ పడుతుంది కాబట్టి శాకాహారులు పసుపు రంగు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న 'జే' కొట్లు వెతుక్కోవాలి, ఊరికొకటి దొరుకుతుంది.

ఆఖరి రోజు అత్యాశకి పోయాం. చియాంగ్ మాయ్ తిరిగి వస్తూ దారిలోనే కదా అని దోయ్ ఇంథనాన్ ఎక్కాం. 2,565 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తు. విదేశీయులకి టికెట్ 300 బాత్. ఆ భూమిబల్ రాజు, ఆయన రాణి అరవయ్యో పుట్టినరోజులకి 1987లో, 1992లో కట్టిన రెండు స్తూపాలు, చుట్టూ పూలతోట, కింద మబ్బులు. చూడాల్సిందే, కానీ దానికి వేరే రోజు ఇవ్వాలి. దిగేటప్పటికి చీకటి పడింది. ఆటోమేటిక్ స్కూటర్‌కి గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకునే వీలు గేరు బండికున్నంత ఉండదు, వదిన దారంతా బ్రేకు మీదే దిగింది. సగం కొండలో మాడు వాసన. ఆపి చూస్తే డిస్కు దగ్గర చెయ్యి పెట్టలేం. అరగంట అక్కడే చలిలో కూర్చుని, చల్లారాక దిగాం. కొండ దారికి స్కూటర్ తీసుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. వదిన మాత్రం ఒక్క మాట అనలేదు. "అన్నా, నువ్వు ముందు పోనీ, నీ లైటు వెనకాల వస్తా" అంది మా ఆయనతో.

బండ్లు తిరిగిచ్చేటప్పుడు షాపువాడు టార్చి పట్టుకుని వంగి, మా సైలెన్సర్ కింద గీత చూపించి 3,000 బాత్ అన్నాడు. మా ఆయన ఏమీ మాట్లాడకుండా మొదటి రోజు వీడియో తీసి, ఆ గీత దగ్గర ఆపి, ఫోను అతని చేతిలో పెట్టాడు. డిపాజిట్ మొత్తం వచ్చింది. నేను చాదస్తం అన్న మాట వెనక్కి తీసుకున్నా, ఆయన ఎదుట కాదు.

మనిషికి విమానంతో కలిపి డెబ్భై వేలు దాటింది. అందులో పాయ్ రెండో రాత్రి వృథా. వచ్చే డిసెంబరుకి మళ్ళీ ఇదే దారి, ఎదురు దిక్కున చుట్టాలని అనుకుంటున్నారు. సంక్రాంతి అయ్యాక నేను డ్రైవింగ్ స్కూల్లో చేరా, గేరు బండి మీద. ఎనిమిది వేసే పరీక్షలో మొదటిసారి కాలు కింద పెట్టా. రెండోసారికి తేదీ ఇచ్చారు.