డైయింగ్ యూనిట్‌లో జీరో డిశ్చార్జ్ ప్లాంటు: ఆరేళ్ళు నడిపాక నా సమీక్ష

మాది నగరి పక్క ఊరు. ఆరేళ్ళుగా తిరుప్పూరులో ఒక నిట్ డైయింగ్ (అల్లిక బట్టకు రంగు వేసే) యూనిట్‌లో ఈటీపీ, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు, చూసుకుంటున్నాను. రోజుకు 200 కిలోలీటర్ల ప్లాంటు. మొన్న, డైయింగ్ షెడ్డు ఉన్న మా బావ ఫోన్ చేసి, "షెడ్డుకి ఆర్ఓ పెట్టుకోమంటున్నార్రా, ఒకాయన కొటేషన్ కూడా ఇచ్చాడు, తీసేసుకోనా?" అన్నాడు. ఆర్ఓ అంటే సన్నని పొర (మెంబ్రేన్) గుండా నీటిని నెట్టి ఉప్పును ఆపేసే యంత్రం. ఫోన్లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఇక్కడ ఈ ప్లాంట్లు ఎవరూ సరదాకి కట్టుకోలేదు. నొయ్యల్ నదిలోకి వదిలిన రంగునీళ్ళు దిగువన ఒరత్తుపాళయం డ్యాములో చేరి పొలాలు పాడయ్యాయి, రైతులు కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లను మూయించింది. చుక్క నీరు బయటికి పోకుండా ఏర్పాటు చేసుకున్నవాళ్ళే మళ్ళీ మెషీన్లు తిప్పారు.

అందరూ రంగు గురించే భయపడతారు. కంటికి కనపడేది అదే మరి. అసలు తంటా ఉప్పుతో. రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే లీటరుకు 60 గ్రాముల దాకా ఉప్పు పోస్తాం. ముదురు షేడయితే ఇంకా ఎక్కువ. ఆ ఉప్పు బట్టలో ఉండదు, మొత్తం నా దగ్గరికే వస్తుంది. మా నీటి టీడీఎస్ (కరిగి ఉన్న లవణాలు) లీటరుకు 6,000 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే 200 కిలోలీటర్లలో రోజుకు 1,200 కిలోల ఉప్పు. బ్యాక్టీరియా దాన్ని తినదు, సున్నం దాన్ని దించదు.

ముందు మెచ్చుకోవాల్సింది చెబుతాను. ఆర్ఓ నుంచి వచ్చే నీళ్ళు బంగారం. మొదట్లో మా డైయింగ్ మాస్టర్ వాటిని ముట్టుకోనన్నాడు, షేడ్ తేడా వస్తుందని. నెల తిరక్కుండా బోరు నీళ్ళే వద్దన్నాడు. కాఠిన్యం లేని నీళ్ళు కదా, షేడ్ లాటు లాటుకీ ఒకేలా వస్తోంది. వచ్చిన నీటిలో 85 శాతం తిరిగి వాడుకుంటున్నాం. ట్యాంకర్ల ఖర్చు బాగా తగ్గింది.

బ్యాక్టీరియా మురికిని తినే బయలాజికల్ ట్యాంకు మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. మొదటి నెల ఆవుపేడ, బెల్లం కలిపి పోశాం. కొత్తగా చేరిన ఇంజనీరు కుర్రాడు ముక్కు మూసుకున్నాడు, తర్వాత తనే బకెట్ పట్టుకున్నాడు. రోజూ పొద్దున లీటరు జాడీలో నీళ్ళు పట్టి అరగంట ఉంచితే, బురద ఎంతలో కూర్చుందో చూసి ట్యాంకు ఆరోగ్యం చెప్పేయొచ్చు. ఏ మీటరూ అంత తొందరగా చెప్పదు.

ఇక తిట్లు. ప్లాంటు అమ్మిన కంపెనీ ఈక్వలైజేషన్ ట్యాంకును (రకరకాల నీళ్ళు ముందు చేరి కలిసి సమమయ్యే ట్యాంకు) ఎనిమిది గంటల నీళ్ళు పట్టేంతే కట్టింది. నలుపు లాటు, బ్లీచింగ్ నీళ్ళు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడితే పీహెచ్ 11 దాటేది, వేడి 45 డిగ్రీలుండేది. బ్యాక్టీరియా బతుకుతుందా? ఆ బయలాజికల్ ట్యాంకు నురగతో పొంగేది. రెండో ఏడు మా డబ్బుతో ఒక రోజు నీళ్ళు పట్టే ట్యాంకు, కూలింగ్ టవర్ కట్టుకున్నాం. సగం టెన్షన్ అక్కడే పోయింది. కొటేషన్‌లో ముందు ఈ లైను చూడు బావా, మెంబ్రేన్ బ్రాండు తర్వాత.

మూడో ఏడు జరిగింది నా తప్పు కూడా. మిగిలిన రంగు పోవడానికి ఆర్ఓకి ముందు హైపో (క్లోరిన్ ఉండే బ్లీచింగ్ ద్రావణం) కలిపేవాళ్ళం. ఆ క్లోరిన్‌ను చంపడానికి బైసల్ఫైట్ డోసింగ్ పంపు ఉంది. ఒక రాత్రి అందులోకి గాలి చేరి ఆగిపోయింది, ఎవరూ చూడలేదు. అలా చూడకుండా ఎన్ని రాత్రులు గడిచాయో! ఆర్ఓ మెంబ్రేన్‌కు క్లోరిన్ విషం. నీళ్ళు ఎక్కువ రావడం మొదలైతే సంతోషించాం కూడా. తీరా టీడీఎస్ చూస్తే ఉప్పు అటు వైపుకి దాటేస్తోంది. 36 మెంబ్రేన్లు మార్చాం. ఓఆర్‌పీ మీటరు (నీటిలో క్లోరిన్ మిగిలితే పట్టిచ్చేది) పెట్టి, రీడింగ్ దాటితే ఆర్ఓ పంపు దానంతటదే ఆగేలా కలిపింది ఆ తర్వాతే. మొదటే ఉండాల్సింది.

ఆవిరి యంత్రం, అదే ఎంఈఈ, గురించి మాట్లాడాలంటే విసుగు. ఆర్ఓ వదిలేసిన 30 కిలోలీటర్ల చిక్కటి ఉప్పునీళ్ళను మరిగించడమే దాని పని. బాయిలర్‌కు కట్టెలు తెచ్చే లారీని చూస్తే మా ఓనరు ముఖం తిప్పుకుంటాడు. గొట్టాల్లో పొలుసు కట్టినప్పుడల్లా ఆపి కడగాలి.

అందుకే బావకు నా సలహా ఆర్ఓ గురించి కాదు. వాళ్ళ షెడ్డులో రంగు వేసేవి ఇంకా పాత వించ్ మెషీన్లే. రంగు కలిపే నీళ్ళే కిలో బట్టకు 15 లీటర్లు తాగుతాయి, అంటే లీటరుకు 60 గ్రాముల లెక్కన 900 గ్రాముల ఉప్పు. మా సాఫ్ట్‌ఫ్లో మెషీన్‌లో అదే ఆరు లీటర్లతో అయిపోతుంది, 360 గ్రాములు. ముందు మెషీన్ మార్చుకుంటే ప్లాంటే చిన్నదైపోతుంది. దీన్ని కొటేషన్ ఇచ్చినాయన ఎందుకు చెబుతాడు?

మార్కులంటే అయిదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో మా యూనిట్ వెనక్కి వస్తే చూపిస్తాను. ఎంఈఈలో నీళ్ళు మరిగాక మిగిలే ఉప్పులో సోడియం సల్ఫేట్ శుభ్రంగా వచ్చినంత వరకు మళ్ళీ డైయింగ్‌కే పోతుంది. మిగిలిన మిశ్రమ ఉప్పు ఎవరికీ పనికిరాదు, బయట పోయనివ్వరు. సంచులు కట్టి పేర్చాం. ఏటా వానలకు ముందు వాటి మీద టార్పాలిన్ మార్చడం కూడా నా డ్యూటీయే.