అత్తారూరికి కార్లో: హైదరాబాద్ నుంచి పొందూరు

పెళ్లయి ఏడేళ్లయింది, మా ఆవిడది ఏ ఊరు అంటే పొందూరు అని టక్కున చెప్తా కానీ అక్కడ ఏముంది అంటే మాత్రం నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఎప్పుడూ ట్రైన్‌లో వెళ్లడం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగడం (ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, కొత్తవాళ్లు కన్ఫ్యూజ్ అవుతారు), మామయ్య గారు ఆటో మాట్లాడి ఉంచడం, రెండు రోజులు తిని పడుకుని మళ్లీ ట్రైన్ ఎక్కడం, ఇదే నాకు తెలిసిన అత్తారూరు. ఈసారి సంక్రాంతి రద్దీ తగ్గాక, రథసప్తమికి ముందు, ఆరు రోజులు సెలవు దొరికింది, ఐదేళ్ల పిల్లోణ్ణి వెనక సీట్లో కట్టేసి కారేసుకుని బయల్దేరాం.

మొత్తం ఏడొందల పైచిలుకు కిలోమీటర్లు. ఒక్క రోజులో లాగేయొచ్చు, నా ఫ్రెండ్స్ లాగేశారు కూడా, కానీ పిల్లలుంటే వద్దు, నా మాట విని రాజమండ్రిలో ఆగండి. పొద్దున ఐదింటికి హైదరాబాద్‌లో బయల్దేరి, సూర్యాపేట దగ్గర టిఫిన్ చేసి, విజయవాడ ట్రాఫిక్‌లో ఓ ముప్పావుగంట పోగొట్టుకుని, రావులపాలెంలో గోదావరి బ్రిడ్జి దాటేసరికి రెండయింది. రూం రాజమండ్రి బస్టాండ్‌కి దగ్గర్లో 1800కి తీసుకున్నాం, లిఫ్ట్ ఉంది, దుప్పట్లు శుభ్రం, ఒక రాత్రికి అంతకంటే ఏం కావాలి. సాయంత్రం పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే 1900లో కట్టిన పాత హేవలాక్ బ్రిడ్జి, అవతల ట్రైన్లు పోయే బ్రిడ్జి కనిపిస్తుంటే మావాడు ఒక్కో ట్రైన్‌కీ లేచి నిలబడి టాటా చెప్తూ కూర్చున్నాడు. రోజ్ మిల్క్ తాగించాం, రెండోది కూడా కావాలన్నాడు, అది నేను తాగేశా.

రెండో రోజు ముఖ్యమైన విషయం ఒకటే. వైజాగ్‌లో పని లేకపోతే సిటీలోకి పోకండి. అనకాపల్లి దగ్గరే సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు లైన్ల రోడ్డు పట్టుకోండి, గాజువాక సిగ్నళ్ల బాధ మొత్తం తప్పుతుంది. ఆ తర్వాత తగరపువలస, భోగాపురం, రణస్థలం, అలా అలా చిలకపాలెం జంక్షన్‌లో హైవే వదిలి ఎడమకి తిరిగితే పొందూరు. దారిలో టాయిలెట్లకి మాత్రం పెద్ద పెట్రోల్ బంకులే నయం, టోల్ గేట్ల పక్కన ఉండేవాటి గురించి మా ఆవిడ చెప్పిన మాట ఇక్కడ రాయలేను.

ఇప్పుడు అసలు గొడవ. మా అత్తగారింట్లో బాత్రూం ఒకటే, బావమరిది వాళ్లు కూడా వచ్చి ఉన్నారు, అందరికీ ఇబ్బంది ఎందుకు అని నేను తెలివిగా శ్రీకాకుళం టౌన్‌లో నాలుగు రాత్రులకి హోటల్ బుక్ చేశా. మా ఆవిడ ముందే అంది, నువ్వు చేస్తున్నది తప్పు, మా నాన్న ఏమీ అనడు, అందుకే తప్పు అని. నాకు అప్పుడు అర్థం కాలేదు. వెళ్లి కూర్చుని కాఫీ తాగుతూ విషయం చెప్తే మామయ్య గారు "అలాగే బాబూ, మీకు ఎలా వీలైతే అలాగ" అని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. పక్కింటి పెద్దావిడ మాత్రం గోడ మీంచి "ఏటి బాబూ, అత్తోరింటికొచ్చి లాడ్జీలో తొంగుంతారేటి?" అని అందరూ అనుకున్నదే పైకి అనేసింది.

హోటల్ అయినా బాగుందా అంటే అదీ లేదు. ఫోటోల్లో పార్కింగ్ అని చూపించింది హోటల్ ముందున్న రోడ్డే. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే, అది కూడా ఏడున్నరకి గోరువెచ్చన. అత్తయ్య గారు రాత్రికి తినమని స్టీల్ క్యారియర్ ఇచ్చి పంపిస్తే రిసెప్షన్ అబ్బాయి బయట ఫుడ్ తేకూడదు సార్ అన్నాడు, అందులో ఏముంది అని అడిగాడు, కోడికూర అన్నా, కొంచెం ఆలోచించి సరే వెళ్లండి అన్నాడు. రెండు రాత్రులు చూసి మూడో రోజు పొద్దున ఖాళీ చేసేశాం, మిగతా రెండు రాత్రుల డబ్బులు తిరిగి రాలేదు. అత్తగారింట్లో పెరట్లో కట్టెల బాయిలర్‌తో కాగిన నీళ్లు, లైన్లో నిలబడి స్నానం, హాల్లో పరుపులు పరిచి అందరూ ఒకే చోట పడుకోవడం. లైను పెద్దదే, నీళ్లు మాత్రం మరిగిపోతున్నాయి.

హోటల్లో ఉన్న రెండు రోజుల్లో చుట్టుపక్కల చూసినవి: అరసవల్లి సూర్యుడి గుడి శ్రీకాకుళం టౌన్‌ని ఆనుకునే ఉంటుంది, మంగళవారం వెళ్లాం కాబట్టి ఇరవై నిమిషాల్లో దర్శనం అయిపోయింది, ఆదివారాలు మాత్రం జనం విపరీతం. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చి, అక్టోబర్‌లలో కొన్ని రోజులే, అది చూడాలంటే ఆ టైంకే రావాలి. శ్రీకూర్మం మాకు ఎక్కువ నచ్చింది. విష్ణుమూర్తి కూర్మావతారంలో ఉన్న గుడి, స్వామి పడమర వైపు తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు పెంచుతున్నారు, మావాడు దేవుణ్ణి అర నిమిషం, తాబేళ్లని గంట చూశాడు. శ్రీముఖలింగం కొంచెం దూరం, వంశధార ఒడ్డున, ఒకప్పుడు కళింగ గంగ రాజులు ఏలిన చోటు. మధుకేశ్వరుడి గుడి చూస్తే ఒరిస్సా గుళ్లు గుర్తొస్తాయి, రాతి మీద చెక్కడాలు అంత దగ్గర నుంచి, అంత తీరిగ్గా నేను ఎక్కడా చూడలేదు. కాకపోతే తిండి, నీళ్లు మీరే పట్టుకెళ్లండి. కళింగపట్నం బీచ్ టైం ఉంటేనే, లైట్‌హౌస్, ఏరు సముద్రంలో కలిసే చోటు బాగుంటాయి, మధ్యాహ్నం పూట మాత్రం నీడ దొరకదు.

నాలుగో రోజు ఎక్కడికీ వెళ్లలేదు, అదే ఈ ట్రిప్ మొత్తంలో బెస్ట్ రోజు. పొందూరు ఖద్దరు పేరు విన్నా కానీ అదేదో షాపులో దొరికే బట్ట అనుకున్నా. మామయ్య గారు పొద్దున్నే నన్నొక్కణ్ణే "రండి బాబూ, ఓసారి అలా" అని తెలిసినవాళ్లింటికి తీసుకెళ్లారు. వరండాలో ఓ ముసలావిడ కూర్చుని పత్తిని చేప దవడతో దువ్వుతోంది. వాలుగ చేప దవడ, సన్నటి పళ్ల వరస, దువ్వెన లాగే. గింజకి అంటుకున్న పోగులు దాంతో చక్కగా సాపు అవుతాయట, మిషన్ మీద ఆ మెత్తదనం రాదంటారు. అలా శుభ్రం చేసిన దూదిని ఏకులు చేసి రాట్నం మీద వడుకుతుంటే వచ్చే నూలు వెంట్రుక లాగా ఉంది, నేను ముట్టుకోబోతే తెగుతుందని చెయ్యి పక్కకి నెట్టింది. గాంధీ గారు ఈ బట్ట చూసి ఆశ్చర్యపోయి కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపారని మామయ్య గారు చెప్పారు, ఆయన గొంతులో అంత హుషారు నేను ఏడేళ్లలో వినలేదు. ఆ ముసలావిడ రోజంతా వడికితే వచ్చే డబ్బు ఎంతో కూడా చెప్పింది, విన్నాక షాపులో పంచె రేటు ఎక్కువ అనడానికి నోరు రాలేదు. ఒకటి నాకు, ఒకటి మా నాన్నకి తీసుకున్నా.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ కూరగాయలు తరుగుతూనే "మా నాన్నమ్మ కూడా వడికేది, చిన్నప్పుడు ఆ దవడతో నా బొమ్మకి తల దువ్వేదాన్ని" అంది. నాకెప్పుడూ చెప్పలేదేంటి అంటే, నువ్వెప్పుడు అడిగావు అంది. అదీ నిజమే. ఆ సాయంత్రం తన స్కూలు, స్కూలు వెనక చెరువు గట్టు, కొత్త సైకిల్ మీంచి పడిన మలుపు అన్నీ తిప్పి చూపించింది, మొత్తం కలిపి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, మూడు గంటలు పట్టింది, అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపుతున్నారు. వాళ్లతో మాట్లాడేటప్పుడు తన యాస మొత్తం మారిపోయింది, నల్గొండ వాణ్ణి నాకు సగం ఎక్కలేదు.

తిరుగు ప్రయాణానికి డిక్కీ మామయ్య గారే సర్దారు. చోళ్ల (రాగుల) పిండి, రెండు కొబ్బరికాయల గోనెలు, కొత్త ధాన్యం బియ్యం, ఆవకాయ జాడీ, పైన ఒక గుమ్మడికాయ. ఆ గుమ్మడికాయకి తాడు కట్టనిచ్చుంటే బాగుండేది, తుని దాటినప్పట్నుంచి ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ డిక్కీలో ఒక దెబ్బ, వెనక సీట్లోంచి మావాడి లెక్క. రాజమండ్రికి చేరేసరికి పద్నాలుగు.