విశాఖ ఉప్పుగాలికి ఏ ఏసీ: రాగి కాయిలా, అల్యూమినియం కాయిలా?

బీచ్‌రోడ్డు దగ్గరో, పెదవాల్తేరులోనో ఉండేవాళ్లు ఏసీ కొనేటప్పుడు స్టార్ల కంటే ముందు కాయిల్, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, దేనితో చేసిందో చూడాలి. అల్యూమినియం కాయిల్‌ది ధర తక్కువే. కానీ ఉప్పుగాలికి సన్నటి చిల్లు పడి గ్యాస్ పోయిందంటే దాన్ని అతకడం కష్టం. చాలామంది మెకానిక్‌లు కాయిల్ మొత్తం మార్చమంటారు. రాగి గొట్టానికైతే ఇంటి దగ్గరే వెల్డింగ్ పెట్టి గ్యాస్ నింపేస్తారు.

అలాగని రాగికి భయమే లేదనుకోవద్దు. దాని చుట్టూ ఉండే సన్నటి రేకులు మామూలుగా అల్యూమినియంవే. రెండు లోహాలు కలిసినచోట ఉప్పుతేమ తగిలితే ముందు రేకులే పాడై తెల్లటి పొడిలా రాలతాయి. పూత ఉన్నవి ఇంకొంత కాలం ఆగుతాయి. నా ఓటు పూత ఉన్న రాగికే. ఈ సంగతి చెప్పకుండా షాపువాళ్లు ఈఎంఐల గురించే ఊదరగొడుతుంటే ఒళ్లు మండుతుంది. ఏది కొన్నా, అవుట్‌డోర్ యూనిట్‌ని సముద్రం వైపు గోడకు మాత్రం పెట్టించకండి.