అప్పియన్ ‘అంతర్యుద్ధాలు’ మొదటి పుస్తకం: ఏళ్లుగా చదువుతూ వచ్చాక

రోమన్ రిపబ్లిక్ ఎలా కూలిందో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా సీజర్ దగ్గర మొదలుపెడతారు. సీజర్ వచ్చేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. అప్పియన్ మాత్రం క్రీ.పూ. 133కి, ఒక భూచట్టం దగ్గరికి తీసుకెళ్తాడు. ఈ మొదటి పుస్తకాన్ని నేను చాలా ఏళ్లుగా తిరగేస్తున్నాను. ఆ కాలం మీద ఏ కొత్త పుస్తకం చదివినా, పక్కన ఇది పెట్టుకుని సరిచూసుకోవడం అలవాటైంది. ఇన్నేళ్లలో దీని లోపాలు బాగా తెలిశాయి. అయినా సంస్కర్తల సంగతి అర్థం కావాలంటే ముందు దీన్నే చదవమంటాను.

అప్పియన్ అలెగ్జాండ్రియా మనిషి, గ్రీకులో రాశాడు. రోమ్‌లో చక్రవర్తుల కోర్టుల్లో వకీలుగా వాదించాడు. భూసంస్కరణకు దిగిన గ్రాకస్ సోదరులు (టైబీరియస్, గయస్) చనిపోయిన దాదాపు మూడు వందల ఏళ్లకు ఈ చరిత్ర రాశాడు. పుట్టుకతో రోమ్ కులీనుడు కాదు కాబట్టి ఏ వంశం గొప్పదన్న గోల అతనికి తక్కువ. భూమి ఎవరి చేతిలో ఉంది, చట్టం ఏమంది, ఓటు ఎలా పడింది అన్నవే అతని కంటికి ఆనతాయి. వకీలు చూపు పేజీపేజీకీ తెలుస్తుంది.

ఏడో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా ఉన్న కొద్ది పేజీలు ఈ పుస్తకానికి ప్రాణం. ఇటలీని గెలిచినప్పుడు రోమ్ కొంత భూమిని ప్రభుత్వ భూమిగా ఉంచుకుంది. సాగు చేసుకునేవాళ్లు పంటలో వాటా కట్టాలి. కాలక్రమంలో ధనవంతులు దాన్ని ఆక్రమించారు, పక్కనున్న పేదల చిన్న కమతాలను కొంత కొని, కొంత బలవంతంగా కలుపుకున్నారు. పనికి బానిసల్ని పెట్టారు. ఎందుకంటే స్వేచ్ఛాపౌరుణ్ని సైన్యంలోకి పిలుస్తారు, బానిసను పిలవరు. ఆ ఒక్క కారణం చాలు, సైన్యం సమస్య భూమి సమస్యతో ఎలా ముడిపడిందో తెలిసిపోతుంది. ఎవరూ 500 యూగెరాలకు (సుమారు 310 ఎకరాలు) మించి ఉంచుకోకూడదని, 100 పశువులకు, 500 గొర్రెలకు మించి మేపకూడదని చట్టం ఉండేది. బంధువుల పేర పంచి చూపించి దాన్ని దాటేశారని అప్పియన్ రాస్తాడు. బినామీ అన్న మాట తెలిసిన తెలుగు పాఠకుడికి దీనికి వివరణ అక్కర్లేదు.

టైబీరియస్ గ్రాకస్ పాత పరిమితినే మళ్లీ తెచ్చాడు. కొడుకులుంటే ఒక్కొక్కరికి అందులో సగం అదనం. మిగులు భూమి పేదలకు, కానీ వాళ్లు దాన్ని అమ్మకూడదు. దీనికి ధనవంతులు చెప్పిన అభ్యంతరాలను అప్పియన్ దాచకుండా రాస్తాడు: మా తాతల సమాధులు ఈ పొలాల్లో ఉన్నాయి, భార్యల కట్నం డబ్బు దీనిలోనే పెట్టాం, కూతుళ్లకు ఇచ్చాం, దీని మీద అప్పులు తెచ్చాం. మరో పక్క పేదల గోడు కూడా వినిపిస్తాడు. సంస్కర్తను దేవుణ్ని చేయకుండా, ఎదుటిపక్షాన్ని రాక్షసుల్ని చేయకుండా ఇద్దరి మాటా నిజాయితీగా చెప్పినందుకే నేను ఈ రచయితను నమ్ముతాను.

ఆక్టేవియస్‌ను తొలగించిన ఓటింగ్ ఎన్నిసార్లు చదివినా ఊపిరి బిగబట్టిస్తుంది. ఆక్టేవియస్ కూడా టైబీరియస్ లాగే ట్రిబ్యూన్, అంటే సామాన్యుల తరఫున ఎన్నికై వీటో అధికారమున్నవాడు. ఆ వీటోతో చట్టాన్ని అడ్డుకున్నాడు. ప్రజల పనికి అడ్డుపడే ట్రిబ్యూన్ పదవిలో ఉండాలా అని టైబీరియస్ ప్రజల్నే అడిగాడు. మొత్తం 35 తెగల్లో (ఓటు వేసే విభాగాల్లో) పదిహేడు తొలగించమన్నాయి. పద్దెనిమిదో తెగ ఓటుకు ముందు టైబీరియస్ ఆగి, అందరూ చూస్తుండగా, వెనక్కి తగ్గమని ఆక్టేవియస్‌ను బతిమాలాడు. అతను తగ్గలేదు. రోమ్ రాజ్యాంగం ఏదీ రాతలో లేదు, ఆనవాయితీ మీద నడిచింది. ఆ ఆనవాయితీ మొదటిసారి బహిరంగంగా తెగింది ఇక్కడేనని నా అభిప్రాయం.

తర్వాత టైబీరియస్ రెండోసారి ట్రిబ్యూన్ పదవికి పోటీకి దిగాడు. ప్రధాన పూజారి స్కిపియో నసీకా తన వెంట సెనేటర్లను తీసుకుని కాపిటల్ గుట్ట ఎక్కాడు. వాళ్లు బల్లలు విరిచి ఆ ముక్కలతో కొట్టారు. టైబీరియస్‌ను, అతని మనుషుల్ని చంపి రాత్రిపూట శవాలను టైబర్ నదిలో పారేశారు. ఇంత సంక్షోభంలో సెనేట్ ఒక నియంతను నియమించాలని ఎందుకు ఆలోచించలేదని అప్పియన్ ఆశ్చర్యపోతాడు. పాత రోజుల్లో అలా గండం గట్టెక్కేవాళ్లు. అది వకీలుకే తట్టే ప్రశ్న. టైబీరియస్ ఉద్దేశం చాలా మంచిది, దాన్ని సాధించిన తీరు మరీ దూకుడుగా ఉంది అన్నది అతని తీర్పు. నాకు మాత్రం దూకుడు ఎవరిది ఎక్కువో ఆ కాపిటల్ వర్ణనే చెబుతోంది.

హత్యల కంటే ఎక్కువగా నన్ను వెంటాడేవి రెండు చిన్న అధ్యాయాలు. పద్దెనిమిదో అధ్యాయం మిగులు భూమిని కొలిచి పంచే భూసంఘం పని గురించి. టైబీరియస్ పోయినా సంఘం పోలేదు. కొలతలు మొదలయ్యేసరికి దావాలు కుప్పలు పడ్డాయి. కొందరి దగ్గర పట్టాల్లాంటి పత్రాలే లేవు. ఉన్నవి చూస్తే తేలడం లేదు. తోటలున్న పొలం వదిలి బీడుకో, చిత్తడినేలకో వెళ్లాల్సి వచ్చినవాళ్లున్నారు. సంఘం పాతించిన హద్దురాళ్లు కొన్ని ఇటలీలో దొరికాయి, వాటి మీద సంఘ సభ్యుల పేర్లున్నాయి. ఆ పని ఒట్టి మాట కాదు.

రెండోది ఇరవయ్యేడో అధ్యాయం. గయస్ కూడా చనిపోయాక మూడు చట్టాలు వచ్చాయి. పంచిన భూమిని అమ్ముకోవచ్చని మొదటిది. ధనవంతులు వెంటనే పేదల వాటాలు కొనడం, ఏదో సాకుతో లాక్కోవడం మొదలుపెట్టారు. ఇక పంపిణీ ఉండదు, భూమి అనుభవిస్తున్నవాళ్లదే, వాళ్లు కట్టే శిస్తును ప్రజలకు పంచుతామని రెండోది. ఆ శిస్తు కూడా అక్కర్లేదని మూడోది. కంచు ఫలకం మీద చెక్కిన క్రీ.పూ. 111 నాటి భూచట్టం ముక్కలుగా మిగిలింది. అప్పియన్ చెప్పిన మూడింటిలో అది ఏదన్న దానిపై పండితుల వాదన ఇంకా తెగలేదు. గ్రాకస్ సోదరుల్ని కర్రలూ కత్తులూ చంపాయి, వాళ్ల సంస్కరణను చంపింది ఈ మూడు చట్టాలు. పాఠ్యపుస్తకాలు హత్యల దగ్గర ఆగిపోతాయి, అప్పియన్ ఇక్కడిదాకా తీసుకొస్తాడు.

గయస్ భాగంలో చూడాల్సింది సెనేట్ తెలివి. అతన్ని నేరుగా ఎదిరించకుండా, లివియస్ డ్రూసస్ అనే మరో ట్రిబ్యూన్ చేత పన్నెండు వలస పట్టణాలు కట్టిస్తామని చెప్పించారు. జనం అటు తిరిగారు. క్రీ.పూ. 121లో గయస్ తలకు దాని ఎత్తు బంగారం ఇచ్చారు. ఆ తర్వాత సాటర్నైనస్ అనే మరో ట్రిబ్యూన్ కథ హడావుడిగా సాగుతుంది. సేనాని సుల్లా వచ్చాక కథనం మళ్లీ బిగుస్తుంది. క్రీ.పూ. 88లో రోమ్ మీదికి సైన్యాన్ని నడిపినప్పుడు ఒక్క క్వెస్టర్ (ఖజానా అధికారి) తప్ప అతని అధికారులందరూ వదిలి వెళ్లిపోయారట, సైనికులు మాత్రం కదల్లేదు. అంతర్యుద్ధం గెలిచాక ప్రకటించిన మరణజాబితాలో మొదట దాదాపు 40 మంది సెనేటర్లు, 1,600 మంది అశ్వికవర్గం (సెనేటర్ల తర్వాతి ధనిక వర్గం) వాళ్లు. నియంత అయ్యాక, ట్రిబ్యూన్ పదవి చేసినవాడు ఇంకే పదవికీ పోటీ చేయరాదన్నాడు. గ్రాకస్ సోదరులు వాడిన పదవిని నిర్వీర్యం చేయడమే అతని గురి.

ఇక లోపాలు. అప్పియన్ సంవత్సరాలు దాదాపు చెప్పడు, పక్కన కాన్సల్ల (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు ప్రధానాధికారుల) పట్టిక లేకపోతే దారి తప్పుతారు. పెర్గమన్ రాజు అట్టాలస్ తన రాజ్యాన్ని రోమ్‌కు రాసిచ్చిన సంగతి, ఆ డబ్బుపై టైబీరియస్ తెచ్చిన ప్రతిపాదన ఇందులో లేవు. అవి గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్‌లో దొరుకుతాయి. అది లేకుండా సెనేట్ అంత మండిపడటం సగమే అర్థమవుతుంది. ఆక్టేవియస్ స్థానంలో వచ్చినవాడి పేరు ఇతను మమ్మియస్ అంటే, ప్లూటార్క్ మూకియస్ అంటాడు. సోదరుల తల్లి కొర్నేలియా ఇందులో దాదాపు కనపడదు, అల్లుడు స్కిపియో ఎమిలియానస్ చావు గురించిన అనుమానంలో తప్ప. మనుషుల మనసు కావాలంటే ప్లూటార్క్, వ్యవహారం కావాలంటే అప్పియన్. రెండూ చదవాల్సిందే.

ఇంగ్లిష్ అనువాదాల్లో హొరేస్ వైట్‌ది పాతది, 1899లో మొదట వచ్చింది, ఉచితంగా దొరుకుతుంది. భాష బరువుగా ఉంటుంది కానీ అధ్యాయ సంఖ్యలు చక్కగా ఉంటాయి. జాన్ కార్టర్ 1996 అనువాదం హాయిగా సాగుతుంది, కొత్తవాళ్లకు అదే నయం. గ్రీకు మూలం ఎదురుగా కావాలంటే లోబ్ అనే గ్రంథమాలలో బ్రయన్ మెక్‌గింగ్ చేసిన కొత్త ప్రతి తీసుకోవాలి. మొదటిసారి చదివేవాళ్లు ఒకటి నుంచి ఇరవయ్యేడు అధ్యాయాలు ఆపకుండా చదివి, ఆపైన ప్లూటార్క్ రాసిన సోదరుల జీవితాలు చదివి, అప్పుడు సుల్లా భాగానికి రండి. స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు చివర్లో ఉంది, కపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా 6,000 మందిని శిలువ వేసిన సంగతితో సహా. దానికోసమే కొన్నవాళ్లు కూడా ఏడో అధ్యాయం వదలకండి. పొలాల నిండా అంతమంది బానిసలు ఎలా వచ్చారో అక్కడే ఉంది.